మస్కట్ నుంచి హైదరాబాద్‌లో ఇల్లు వెతికాం: వర్చువల్ టూర్లు ఎంతవరకు పనికొచ్చాయి

మేం మస్కట్‌లో ఉంటాం. బాచుపల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు మూడు పడకగదుల ఫ్లాట్ కోసం చాన్నాళ్లు వెతికి, కిందటేడు ఒక రీసేల్ ఫ్లాట్ కొన్నాం. ఆ వెతుకులాటలో ఎక్కువ భాగం ల్యాప్‌టాప్ ముందే, వర్చువల్ టూర్లు, అంటే ఇంట్లో తిరుగుతున్నట్టు తెర మీద చూపించేవి, చూస్తూ గడిచింది. ఇన్ని టూర్లు చూశాక నాకు అర్థమైంది ఒకటే: మనకు సరిపడని ఇళ్లను ముందే పక్కన పెట్టేయడానికి వర్చువల్ టూర్‌ని మించింది లేదు. టూర్ చూసి నచ్చింది కదా అని అడ్వాన్స్ మాత్రం ఇవ్వకూడదు.

వర్చువల్ టూర్ అని పంపేవన్నీ ఒకటి కావు. ఇంకా కట్టని ఇంటికి పంపేది కంప్యూటర్‌లో గీసిన బొమ్మ. అందులో బీములు కనపడవు, బాత్రూమ్ పైపుల డక్ట్ ఉండదు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెడతారో తెలియదు. కిటికీలోంచి ఎప్పుడు చూసినా నీలాకాశమే. ఎదురు టవర్ ఎంత దగ్గరో చూపించిన బొమ్మ నాకు ఒక్కటీ తగల్లేదు. మోడల్ ఫ్లాట్ టూర్ ఇంకో రకం. గదులు నిజమైనవే, కానీ లోపలి తలుపులు బిగించకుండా, పొట్టి మంచాలు వేసి చూపిస్తారు. కట్టిన ఇంటినే మ్యాటర్‌పోర్ట్ లాంటి 3డీ స్కానింగ్ పరికరాలతో గదిగదీ స్కాన్ చేసిన టూర్ అయితే దాని విలువే వేరు. అది దూరాలు కూడా నమోదు చేస్తుంది కాబట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు ఎంతుందో తెర మీదే కొలుచుకోవచ్చు. పైకప్పు తీసేసి ఇల్లంతా పైనుంచి చూసినట్టుండే డాల్‌హౌస్ వ్యూలో ఏ గది పక్కన ఏ గది ఉందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

నిజాంపేటలో ఒక ఫ్లాట్ మా ఇద్దరికీ తెగ నచ్చింది. రెండో పడకగది టూర్‌లో ఎంత విశాలంగా కనిపించిందో చెప్పలేను. కొలిస్తే వెడల్పు 10 అడుగులు. మంచం పొడవు 6.5 అడుగులు, ఎదురు గోడకి వార్డ్‌రోబ్ 2 అడుగులు. మధ్యలో మిగిలేది అడుగున్నర. వార్డ్‌రోబ్ తలుపే పూర్తిగా తెరుచుకోదు. ఆ గది మా అత్తయ్య కోసం అనుకున్నాం, ఆవిడ వాకర్ పట్టుకుని నడుస్తారు. ఆ సందులో ఎలా తిరుగుతారు? అక్కడితో ఆ ఫ్లాట్ వదిలేశాం. వైడ్ యాంగిల్ లెన్స్ ప్రతి గదినీ సాగదీసి చూపిస్తుంది, అందుకే కొలవకుండా ఏ గదీ పెద్దదనుకోకండి.

అత్తయ్య ఒంగోలులో ఉంటారు. లింకు పంపితే మా మరిది టీవీలో పెట్టి చూపించేవాడు. "అమ్మాయ్, ఆ బాత్రూమ్ గడప చూశావా? అంత ఎత్తుంటే నేను కాలెత్తి వెయ్యలేనమ్మా" అని ఒకసారి ఫోన్ చేశారు. మేం అప్పటికి ఆ టూర్ ఎన్నోసార్లు చూశాం, ఆ గడప మా కంట పడలేదు. ఆ ఇంట్లో ఉండబోయే పెద్దావిడ మెట్లెక్కి దిగే పని లేకుండా ప్రతి ఇల్లూ చూసి, తన మాట చెప్పగలిగారు. నన్నడిగితే టూర్ల వల్ల మాకు జరిగిన పెద్ద మేలు ఇదే.

ఇక టూర్‌లో దొరకనివి. ఉత్తరం ఎటో చాలా టూర్లు చెప్పవు. వాస్తు పట్టింపు లేకపోయినా హైదరాబాద్‌లో దిక్కు తెలియాలి, పడమటి గోడ ఉన్న పడకగది మే నెలలో రాత్రి పొద్దుపోయాక కూడా సెగ కక్కుతుంది. చెమ్మ వాసన, ట్యాంకర్ల మోత, పై ఫ్లోర్‌లో కుర్చీలు జరిపే చప్పుడు, ఇవేవీ స్కాన్‌లోకి రావు. వీటికి మనవాళ్లు ఎవరైనా అక్కడికెళ్లి చేసే వీడియో కాల్ ఒక్కటే దారి. మస్కట్‌కీ హైదరాబాద్‌కీ గంటన్నరే తేడా కాబట్టి మా తమ్ముడు ఆఫీసు అయ్యాక వెళ్లి కాల్ చేసేవాడు. బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు పోసి వాటం చూడమనేదాన్ని. ఒక ఫ్లాట్‌లో "అక్కా, నీళ్లు జాలీ వైపు పోవట్లేదు, గుమ్మం వైపు వస్తున్నాయి" అన్నాడు. అదే బాత్రూమ్ టూర్‌లో అద్దంలా మెరిసిపోయింది! సింకు కింద, తలుపుల వెనక మూలల్లో, బీరువాల పక్క గోడ మీద ఫోన్ పెట్టి చూపించమనండి. కిటికీ దగ్గర ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా నిలబడమనండి.

డ్రోన్ వీడియోలో లేక్ వ్యూ అని చెరువు చూపిస్తే ఇంకొంచెం జాగ్రత్త. తెలంగాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే చుట్టూ ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక ఈ లెక్క అందరికీ గుర్తొచ్చింది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు పెట్టి చూస్తే నీళ్లు ఎంతవరకు ఉండేవో కొంత అంచనా వస్తుంది. ఆ తర్వాత ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాప్ చూడాలి.

కట్టుబడిలో ఉన్నవి చూసినప్పుడు టూర్‌ని పక్కన పెట్టి రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో మంజూరైన ప్లాన్ తెరిచేదాన్ని. ఒక సేల్స్ అబ్బాయి "మేడమ్, ఈ రేటు ఆదివారం దాకే, 20 శాతం కట్టేయండి" అని ఒకటే టెన్షన్ పెట్టాడు. 2016 రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆ మాట అనగానే గొంతు మారింది. ప్రకటనలోనో మోడల్ ఫ్లాట్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడిగే హక్కు 12వ సెక్షన్ ఇస్తుంది. అందుకే వాళ్లు పంపిన ప్రతి టూర్‌నీ తేదీతో సహా దాచుకోండి.

మేం కొన్న ఫ్లాట్‌ని కూడా డబ్బు కట్టే ముందు మా ఆయన స్వయంగా వెళ్లి చూసొచ్చారు. తర్వాత వార్డ్‌రోబ్‌ల పనికి ఆ ఫ్లాట్ స్కాన్ టూర్ మళ్లీ అక్కరకొచ్చింది. అక్కడ కార్పెంటర్, ఇక్కడ నేను ఒకే గోడ చూస్తూ, స్విచ్ బోర్డు ఎక్కడుందో చూసుకుని కొలతలు ఖాయం చేసుకున్నాం. ఫ్లాట్ అమ్ముడుపోయాక ఏజెంట్లు లింకు తీసేస్తారు. అది పనిచేస్తున్నప్పుడే ప్రతి గదినీ స్క్రీన్ రికార్డ్ చేసి, కొలతలు పక్కన రాసి పెట్టుకోండి.