కడప దాకా విమానం, ఆ తర్వాత టాక్సీ

కడపకు రాత్రి బస్సులో వెళ్లడం మా ఇంట్లో అలవాటు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువవడంతో ఈసారి హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లాం. చిన్న ఏటీఆర్ విమానం, కాస్త ఊగుతుంది. కడప ఎయిర్‌పోర్టు చిన్నది కావడం పెద్దవాళ్లకు మేలే. విమానం దిగి నాలుగడుగులు వేస్తే బయటికి వచ్చేస్తాం. వీల్‌చైర్ తెచ్చిన అబ్బాయి అమ్మను కారెక్కించేదాకా మాతోనే ఉన్నాడు.

ఈ విమానం వెనుక ప్రభుత్వ సొమ్ము ఉంది. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ విమానంతో మొదలైంది. కడప–హైదరాబాద్ సర్వీసుకూ ఆ రోజే ప్రధాని జెండా ఊపారు. గంట ప్రయాణానికి దాదాపు 2,500 రూపాయలు మించకుండా విమాన సంస్థ దాదాపు సగం సీట్లు అమ్మాలన్నది పథకం మొదలైనప్పటి షరతు. విమాన సంస్థకు వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. అందులో ఎక్కువ భాగం పెద్ద రూట్ల విమానాలపై వేసే సుంకం నుంచి వస్తుంది, 20 శాతం రాష్ట్రం ఇస్తుంది.

చిక్కల్లా ఆ మూడేళ్లు నడపడంలోనూ, ఆ తర్వాత నిలబెట్టడంలోనూ ఉంది. ఉడాన్ మూడో విడత వరకు ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదని ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో చెప్పింది. మూడేళ్లు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా నడిచినవి 54 మాత్రమే. ఉడాన్ కింద కడపకు మొదట విమానం నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోతే, రాష్ట్ర ప్రభుత్వం సాయం చేసి ఇండిగోను రప్పించింది. ఆ ఖర్చు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. అమ్మ లాంటివాళ్లకు రాత్రంతా బస్సులో కూర్చోవడం నరకం.

కానీ ఎయిర్‌పోర్టు గేటు దాటాక మనల్ని పట్టించుకునేవాళ్లు లేరు. మేం దిగిన వేళకు బయట బస్సు లేదు. గండికోటకు రానూపోనూ టాక్సీ అడిగితే చెప్పిన రేటు ఇంచుమించు విమానం టికెట్ అంత ఉంది. సీటుకు ఇచ్చే సాయంలో కొంత తీసి, విమానం వేళకు జమ్మలమడుగు మీదుగా గండికోటకు ఒక్క బస్సు నడిపితే ఎంతమందికి ఉపయోగమో!

గండికోట మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. పెన్నా లోయ అంచున ఎర్రటి బండల మీద ఎండ వాలుతుంటే అమ్మ కూడా మాట్లాడకుండా అలా చూస్తూ ఉండిపోయింది. మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గరదగ్గరే. కోటకు దగ్గర్లో దిగిన బసలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదు. కుర్రాళ్లయితే సూర్యోదయం కోసం అక్కడే ఉండండి. పెద్దవాళ్లతో వెళ్తే కడపలో దిగడం నయం. పొద్దున్నే కారం దోసె తినొచ్చు, ఒంటిమిట్ట కోదండరాముడి గుడీ దగ్గరే.

విమానాల వేళలు మారుతుంటాయి, అన్ని ఊళ్లకూ రోజూ ఉండవు. ముందు తిరుగు టికెట్ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే గది తీసుకోండి.