బడి కోసం కొన్న లామినేషన్ మెషీన్: రెండేళ్లు వాడాక

మాది కోనసీమలో ఒక చిన్న ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 26 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు నేను చూస్తాను. రెండేళ్ల క్రితం జూన్‌లో, బడి తెరవడానికి వారం ముందు రాజమండ్రి వెళ్లి ఏ3 సైజు లామినేషన్ మెషీన్ కొన్నాను. ధర 4,200 రూపాయలు, సొంత డబ్బు. చుట్టుపక్కల బళ్ల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడల్లా "మేడం, మేమూ కొనమంటారా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఎందుకు కొన్నానో చెప్పాలి. ఏటా జూన్‌లో పది పన్నెండు చార్టులు రాసి గోడలకి అంటించడం నాకు అలవాటు. మాది కాలవ గట్టు మీద బడి. వానాకాలంలో గాల్లో తేమకి చార్టు మెత్తబడి, అంచులు చుట్టుకుపోయి, దసరా సెలవులనాటికి సగం కింద పడి ఉండేవి. మళ్లీ రాయడం, మళ్లీ కొనడం. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయిద్దామంటే ఏ4 కాగితానికి 20 రూపాయలు. ఇంట్లో చేసుకుంటే పౌచ్ (కాగితాన్ని లోపల పెట్టే ప్లాస్టిక్ కవరు) ఖరీదు ఐదు రూపాయలకి మించదు. అంటే కాగితానికి 15 మిగులుతుంది, 280 కాగితాలు చేస్తే మెషీన్ డబ్బు వచ్చేసినట్టే. మొదటి ఏడాదే ఆ లెక్క దాటాను. బడి ఖర్చులకి ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు సంగతి టీచర్లకి తెలిసిందే. 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి 10,000. చాక్‌పీసులు, చీపుర్లు, చిన్న చిన్న రిపేర్లు అన్నీ అందులోంచే వెళ్లాలి. దాంట్లో మెషీన్ కొనమని హెచ్ఎం గారిని అడగాలనిపించలేదు.

ఇక మెషీన్. స్విచ్ వేశాక నాలుగైదు నిమిషాలకి వేడెక్కి పచ్చ లైటు వెలుగుతుంది. కాగితాన్ని పౌచ్‌లో పెట్టి, అతికి ఉన్న మూసిన అంచు ముందు వెళ్లేలా లోపలికి పంపాలి. ఏ4 కాగితం అర నిమిషం పైన పడుతుంది. బయటికి వచ్చాక వేడిగా ఉన్నప్పుడే బల్ల మీద పెట్టి పైన ఏదైనా బరువైన పుస్తకం పెడితే వంకర తిరగకుండా చదునుగా వస్తుంది. చేయాల్సింది ఇంతే. ఎవరైనా చేయగలరు.

అయితే దీనికి ముందు నేను ఆన్‌లైన్‌లో ఇంకో మెషీన్ తెప్పించాను, చవకది. మూడో రోజు పౌచ్‌ని పొరపాటున తెరిచిన అంచు వైపు నుంచి పెట్టాను. అది లోపల రోలర్‌కి చుట్టుకుపోయింది. బయటికి లాగడానికి లీవర్ లేదు. స్క్రూలు విప్పి, చల్లారాక బ్లేడుతో గీకి తీశాను, కానీ రోలర్ పాడైంది. తప్పు మీదేనంటూ అమ్మినవాళ్లు వాపసు తీసుకోలేదు. పొరపాటు నాదే, ఒప్పుకుంటాను. కానీ అలాంటి పొరపాటు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. అందుకే ఏ కంపెనీది కొన్నా పక్కన రోలర్లను వదులు చేసే లీవర్ ఉందో లేదో చూసి కొనండి. రెండోసారి షాపుకి వెళ్లి, కళ్ల ముందు ఒక కాగితం చేయించి చూసుకుని మరీ తెచ్చుకున్నాను. పౌచ్‌లు 125 మైక్రాన్ల మందం ఉన్నవి తీసుకోండి. 80 మైక్రాన్లవి పిల్లల చేతిలో రెండు నెలలకే మడత పడిపోయాయి.

మొదటి నెల నేను చేసిన పని చెప్తే మీకు ఖర్చు తగ్గుతుంది. కొత్త ఉత్సాహం కదా, కనిపించినదల్లా లామినేట్ చేశాను. పండ్లు, కూరగాయలు, జంతువులు, వారాలు, నెలలు, రుతువులు, ఎక్కాలు, అన్నీ కలిపి నలభై దాకా. ప్రభుత్వం బళ్లు బాగుచేయించిన నాడు-నేడు పథకంలో రంగు వేసిన గోడల నిండా, గ్రీన్ బోర్డుకి అటూ ఇటూ ఖాళీ లేకుండా పెట్టేశాను. ఫొటోలో చూస్తే గది కళకళలాడిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి వెళ్లాక కింద రెండో వరసలో ఒక పిల్ల కూర్చునే చోట కూర్చుని గోడకేసి చూశాను. పైన ట్యూబులైటు, పక్కన కిటికీ. చార్టులో సగం తెల్లటి మెరుపే తప్ప బొమ్మ కనపడలేదు. కనపడినవి ఎక్కడో నా కళ్లకంటే ఎత్తులో ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల తల ఎంత ఎత్తి చూడాలి? ఆ చార్టుల వల్ల ఒక్క పిల్లాడికి ఒక్క మాటైనా వచ్చిందా అని ఆలోచిస్తే నాకు జవాబు దొరకలేదు.

2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే విషయం పరీక్షించి చూశారు. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకి కొన్ని పాఠాలు బొమ్మలు నిండిన గదిలో, కొన్ని బోసి గోడల గదిలో చెప్పారు. నిండు గదిలో పాఠం మీద నుంచి దృష్టి మళ్లిన సమయం 38.6 శాతం, బోసి గదిలో 28.4 శాతం. నేర్చుకున్నది కూడా బోసి గదిలోనే ఎక్కువ. పిల్లలు తక్కువమందే, మనవాళ్లూ కాదు. అయినా ఆ రోజు నేను కింద కూర్చుని చూసిన దానికి అది సరిగ్గా సరిపోయింది. మర్నాడు ముప్ఫై చార్టులు తీసేశాను. తీసేటప్పుడు డబుల్ టేపుతో పాటు రంగు కూడా పెచ్చులుగా ఊడి వచ్చింది. హెచ్ఎం గారు చాలా బాధపడ్డారు, ఆయన బాధ న్యాయమైనదే. ఆ తర్వాత గోడకి టేపు పెట్టలేదు. ఈ కిటికీ ఊచ నుంచి ఆ కిటికీ ఊచకి నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టాను. ఎత్తు పిల్లల ఛాతీ దగ్గరికి వస్తుంది.

అప్పటినుంచి మెషీన్ వాడకం మారిపోయింది. గోడ మీద పెట్టేవి మానేసి పిల్లలు చేత్తో పట్టుకునేవి చేయడం మొదలుపెట్టాను. దాని అసలు విలువ అక్కడ తెలిసింది.

గుణింతం కార్డుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఖాళీ పౌచ్‌ని, లోపల ఏమీ పెట్టకుండా మెషీన్‌లోకి పంపితే, మసకగా ఉన్న ప్లాస్టిక్ అద్దంలా పారదర్శకంగా బయటికి వస్తుంది. దాన్ని చిన్న చిన్న రేకులుగా కత్తిరించి, పర్మనెంట్ మార్కర్‌తో ఒక్కో రేకు మీద ఒక్కో గుర్తు రాశాను. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, ఇలా. కింద కార్డు మీద తలకట్టు లేని క, గ, త, న లు. అన్నీ ఒకే కొలతలో ఉండాలని రెండు పెన్సిల్ గీతల మధ్య చేత్తోనే రాశాను. కార్డు మీద రేకు పెడితే అక్షరం తయారు. కు, ను లాంటి వాటిలో తలకట్టు పోదు కదా, కాబట్టి కొమ్ము రేకు మీద తలకట్టు కూడా కలిపి గీశాను. పు, వు లకి వేరే రేకు కావాలి. వాటికి కొమ్ము కింద నుంచి రావాలి, పక్కన పెడితే వు కాస్తా మ అయిపోతుంది. మొ, యొ ల రూపమే వేరు కాబట్టి ఆ కార్డులు విడిగా రాసేశాను. ఇదంతా రెండు ఆదివారాల పని.

రెండో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. క గుణింతం రాగం తీసి గడగడా చెప్పేసేవాడు. 'కి' ఏదో చూపించమంటే మాత్రం మొదటినుంచి పాడుకుంటూ వచ్చి ఎక్కడో ఆగేవాడు. వాడికి న కార్డు, రేకుల కట్ట ఇచ్చి నేను ఒకటో తరగతి పిల్లల దగ్గర కూర్చున్నాను. గుడి పెట్టాడు, 'ని' అన్నాడు. తీశాడు. కొమ్ము పెట్టాడు, 'ను' అన్నాడు. మళ్లీ గుడి, మళ్లీ 'ని'. పెదాలు కదుపుతూ నాలుగైదు సార్లు అలాగే చేశాడు. తర్వాత రెండు రేకులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నా దగ్గరికి తెచ్చాడు. "టీచర్ గారండీ, ఇదేం అక్షరవండీ?" అని అడిగాడు. అలాంటి అక్షరం లేదు నాన్నా, ఒకసారికి ఒకటే పెట్టాలి అన్నాను. ఒక రేకు తీసి, దాన్ని కాసేపు వెలుగుకి పట్టి చూసి, వెళ్లి కూర్చున్నాడు. ఆ గుర్తు వేరు, ఆ అక్షరం వేరు అని వాడికి ఆ పూట తెలిసింది. నేను ఎన్ని చార్టులు రాసి పెట్టినా అది జరగలేదు.

పేరు కార్డులు కూడా అలాగే. 26 మంది పేర్లు ఒక వైపు, వెనక వైపు ఖాళీ. రాగానే ఎవరి కార్డు వాళ్లు తాడు మీద పేరు కనపడేలా తిప్పి పెట్టుకుంటారు. ఒకటో తరగతి పిల్లలు మొదట చదివిన మాట తమ పేరే, రెండోది పక్కవాళ్ల పేరు. ఎవరైనా రెండు రోజులు రాకపోతే నాకంటే ముందు వాళ్లే, "కార్డు ఇంకా తిప్పలేదండీ, జొరం వచ్చిందంటండీ" అని చెప్తారు.

ఆకుల కార్డులు పిల్లలతోనే చేయించాను. ఆకుని న్యూస్ పేపర్ మధ్య పెట్టి పది రోజులు బాగా ఆరనివ్వాలి. పచ్చి ఆకు పెడితే లోపల ఆవిరి పట్టి నల్లబడుతుంది. వేప, మందార, గోరింట చక్కగా వస్తాయి. మామిడాకు ఈనె లావు, దాని చుట్టూ గాలి బుడగలు నిలబడిపోతాయి.

ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. ఒకటో తరగతి పాప ఒకతె క్రేయాన్లతో వాళ్ల ఆవు బొమ్మ గీసింది. ఎర్రావు, పక్కన చిన్న దూడ. అంత బాగా గీసిందని, పదిలంగా ఉంటుందని లామినేట్ చేశాను. క్రేయాన్ అంటే మైనం. వేడికి కరిగి ఎర్ర రంగంతా పక్కకి జారిపోయింది, దూడ అసలు కనపడలేదు. ఆ పిల్ల ఏడవలేదు, కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దూడేదండీ?" అంది. నా తప్పు అని చెప్పి, దాని చేయి పట్టుకుని క్షమించమని అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. పిల్లల బొమ్మలు మెషీన్‌లో పెట్టకండి. తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీయండి, నెల తర్వాత ఇంటికి పంపించేయండి. బిల్లు రశీదుల లాంటి థర్మల్ కాగితం కూడా వద్దు, మొత్తం నల్లగా అయిపోతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. వానాకాలంలో చార్టు కాగితం తేమగా ఉంటుంది, ముందు ఒకసారి ఇస్త్రీ పెట్టి తడి పోగొట్టండి, లేకపోతే వెండి చుక్కల్లా బుడగలు వస్తాయి. కత్తిరించేటప్పుడు కాగితం చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వదలండి. కాగితం అంచుదాకా కోస్తే విడిపోతుంది. మూలలు సూదిగా ఉంటాయి, మా దగ్గర ఒక బాబుకి మోచేతి దగ్గర గీసుకుంది. రూపాయి బిళ్ల పెట్టి గుండ్రంగా గీసి కోసేయండి. కార్డుల మీద వైట్‌బోర్డు మార్కర్‌తో రాయించి గుడ్డతో తుడిపించవచ్చు. కాకపోతే అదే రోజు తుడవాలి, రెండు రోజులు వదిలేస్తే మరక ఉండిపోతుంది. కరెంటు పోయినప్పుడు పౌచ్ మెషీన్ లోపల ఉంటే వెంటనే లీవర్ నొక్కి లాగేయండి.

ఒక అభ్యంతరం నాకు మొదటినుంచీ ఉంది. ఇదంతా ప్లాస్టిక్. పాడైన కార్డుని కాగితం, ప్లాస్టిక్ వేరు చేయలేం, పాత సామాన్ల వాళ్లు కూడా తీసుకోరు. అందుకే మూడేళ్లయినా వాడతాననుకున్నదే చేస్తున్నాను. పండగలకి, ఆగస్టు పదిహేనుకి రంగు కాగితాలు, మామిడి తోరణాలే కడుతున్నాం.

కొనాలా అంటే, ఒకటి, రెండు తరగతులు చెప్పేవాళ్లు తప్పకుండా కొనండి. ఏ3 అవసరం లేదు, ఏ4 చాలు, వెయ్యి రూపాయలు తగ్గుతుంది. నేను ఏ3 చార్టుల కోసమే కొన్నాను, ఇప్పుడు వాటి జోలికే వెళ్లట్లేదు. నాలుగు, ఐదు తరగతులు మాత్రమే చెప్పేవాళ్లయితే పక్క బడి టీచర్‌తో కలిసి ఒకటి కొనుక్కోండి. మాది ఇప్పటికే మూడు బళ్లకి తిరుగుతోంది. ప్రస్తుతం పక్క ఊళ్లో ఉంది. పన్నెండో తారీఖు బడి తెరిచేలోపు తెచ్చుకోవాలి. ఒకటో తరగతికి ఐదుగురు కొత్తగా వస్తున్నారు, వాళ్ల పేరు కార్డులు చేయాలి.