పాప్‌కార్నా, శనగలా, పల్లీలా? దాచడానికి గాజు సీసానా, ప్లాస్టిక్ డబ్బానా?

సాయంత్రం నాలుగున్నర దాటాక వేసే ఆకలి వేరు. మధ్యాహ్నం తిన్నది అరిగిపోయి ఉంటుంది, రాత్రి భోజనానికి ఇంకా చాలా టైమ్ ఉంటుంది. ఆ వేళలో ఏది చేతికి అందితే అదే తింటాం. బిస్కెట్ ప్యాకెట్ అందితే అది, వేయించిన శనగలు అందితే అవి. అందుకే నా దృష్టిలో చిరుతిండి గురించి ఆలోచించాల్సినవి రెండు: ఏం చేసుకోవాలి, దేంట్లో దాచుకోవాలి. రెండోది పట్టించుకోకపోతే మొదటిదానికి పడ్డ శ్రమంతా వృథా. మెత్తబడి సాగుతున్న తిండి ఒంటికి ఎంత మంచిదని చెప్పినా పిల్లలు ముట్టరు, పెద్దలూ ముట్టరు.

దాచడానికి కొత్త డబ్బాలు కొనక్కర్లేదు. జామ్ అయిపోయిన సీసా, కాఫీ పొడి డబ్బా, పాత టీషర్టు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. అలాగని ఖాళీగా కనిపించిన ప్రతి డబ్బాలోనూ తిండి పోయకూడదు. ఏది దేనికి పనికొస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు తిండి సంగతి

ఇంట్లో సులువుగా అయ్యేవి, చాలామందికి నచ్చేవి మూడు: పాప్‌కార్న్, పల్లీలు, వేయించిన శనగలు. మూడూ మంచివే. కానీ మూడూ ఒకే పని చేయవు.

పాప్‌కార్న్ అన్నింటికంటే తేలిక. ఒక్కో గింజలో 14 శాతం దాకా తేమ ఉంటుంది. గింజ 180 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడెక్కేసరికి ఆ తేమ ఆవిరై, పైపొట్టును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. నూనె లేకుండా పేల్చినవి మూడు కప్పులు తిన్నా 100 కేలరీలు దాటవు. పైగా అది పొట్టుతో సహా తినే ధాన్యం కాబట్టి పీచు బాగా అందుతుంది. గిన్నె నిండా కనిపిస్తుంది, తిన్నామన్న తృప్తీ ఉంటుంది. లోటల్లా ప్రొటీన్. మూడు కప్పుల్లో 3 గ్రాములే ఉంటుంది కాబట్టి గంటలో మళ్లీ ఆకలి వేస్తుంది. ఇంకో చిక్కు, ఇది దాచుకునే తిండి కాదు. చేసిన పూటే తినాలి.

చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి: మూత బిగించి పెట్టకుండా కొద్దిగా ఓరగా పెట్టండి. ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే పేలిన గింజలు రబ్బరులా సాగుతాయి. గింజలు పాతబడి సరిగ్గా పేలడం లేదంటే లోపలి తేమ తగ్గిపోయిందని అర్థం. పారేయకండి. సీసాలో వేసి చెంచాడు నీళ్లు చల్లి, మూత పెట్టి బాగా ఊపి రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు మళ్లీ పేలతాయి.

పల్లీలు దీనికి పూర్తిగా ఎదురు. గుప్పెడు, అంటే ఒక 30 గ్రాములు తింటే 7, 8 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, రాత్రి దాకా ఆకలి అనిపించదు. కానీ పల్లీల బరువులో దాదాపు సగం నూనే. మంచి రకం నూనే, కాదనను. కానీ ఆ గుప్పెడులోనే 170 కేలరీల దాకా ఉంటాయి. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చెయ్యి ఆగదు. చిన్న గిన్నెలోకి తీసుకుని, డబ్బా మూసి లోపల పెట్టేసి, అప్పుడు తినడం మొదలుపెట్టండి. వేయించేటప్పుడు ఇంకా మెత్తగానే ఉన్నాయని మంట మీదే ఉంచేస్తే మాడిపోతాయి. పల్లీలు వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారాకే కరకరలాడతాయి. బూజు పట్టినవీ, ముడుచుకుపోయి రంగు మారినవీ మాత్రం మొహమాటం లేకుండా ఏరి పారేయండి. అలాంటి గింజల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. పల్లీలు పడని వాళ్లు ఇంట్లో ఉంటే ఇక వీటి మాటే ఎత్తొద్దు.

నా ఓటు శనగలకే. ఎండు శనగలు 100 గ్రాముల్లో దాదాపు 20 గ్రాముల ప్రొటీన్, బోలెడు పీచు ఉంటాయి. కొవ్వు 6 గ్రాములే. పాప్‌కార్న్‌లో లేని బలం వీటిలో ఉంది, పల్లీల్లో ఉన్నంత నూనె లేదు. కాకపోతే వీటికి కాస్త ఓపిక కావాలి.

రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించాలి. గింజ మెత్తబడాలి కానీ చితకకూడదు. నీళ్లు వంపేసి పాత టీషర్టు మీద పరిచి, పైన ఇంకో బట్ట వేసి అరచేత్తో మెల్లగా దొర్లించండి. కొన్ని పొట్టులు ఊడి వస్తాయి, వాటిని తీసేయండి, లేకపోతే అవే ముందుగా మాడతాయి. ఒక గంట అలాగే ఆరనివ్వండి. అసలు కిటుకంతా ఈ గంటలోనే ఉంది. తడి మీద ఓవెన్‌లో పెడితే గింజలు వేగవు, ఉడుకుతాయి. ఆరాక చెంచాడు నూనె పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా ట్రేలో పరిచి, 200 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి కదపాలి. ఉప్పు, కారం, మిరియాల పొడి బయటికి తీశాకే చల్లండి, ముందే వేస్తే పొడులు మాడి చేదెక్కుతాయి.

అయిపోయాయో లేదో చెవితోనే తెలుస్తుంది. ట్రే ఊపితే గులకరాళ్ల చప్పుడు రావాలి. మెత్తటి చప్పుడు వస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఓవెన్ ఆపేసి, తలుపు కొంచెం తెరిచి, ట్రేను అందులోనే చల్లారనివ్వండి. ఓవెన్ లేనివాళ్లు అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్న మంట మీద ఓ అరగంట కలుపుతూ వేయించుకోవచ్చు. కానీ అవి అంత కరకరలాడవు, ఆ రోజే తినేయాలి.

మూడింటిలోనూ ఉప్పు మన చేతిలో ఉంటుంది, ప్యాకెట్ తిండితో పోలిస్తే పెద్ద లాభం అదే. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే టీస్పూను కంటే తక్కువే. అది రోజంతా తినే అన్నింటిలో కలిపి వేసుకునే లెక్క.

పసిపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగేళ్ల లోపు వాళ్లకు ఈ మూడింటిలో ఏదీ పెట్టకండి. గింజలు, పాప్‌కార్న్ గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు అరటిపండో, మెత్తగా ఉడికించిన క్యారెట్టో మేలు.

తీపి కావాలంటే? ఖర్జూరాలు, పల్లీలు కలిపి నూరి చుట్టిన ఉండలు బాగుంటాయి. తేనె పోసి చేసే ఓట్స్ బార్ల కంటే నాకు ఇవే నచ్చుతాయి. ఖర్జూరంలో పీచు కూడా ఉంటుంది, తేనెలో ఉండదు. అయితే "చక్కెర వేయలేదు" అని ధైర్యంగా నాలుగు తినేయకండి. ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. ఉండ ఉసిరికాయంత చాలు. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు నాకించకూడదు.

చిప్స్ గురించి ఒక్క మాట. ఓవెన్‌లో కాల్చిన ఆలూ చిప్స్‌కు నూనె తక్కువ పడుతుంది, నిజమే. అంతమాత్రాన ఎర్రగా కాల్చేయకూడదు. పిండిపదార్థం ఉన్నవి 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో ఎర్రబడే కొద్దీ ఒంటికి మంచిది కాని అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది. తిండిలో ఇది ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. నూనెలో వేయించినా, ఓవెన్‌లో కాల్చినా ఇది తప్పదు. ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి, లేత బంగారు రంగులో ఉన్నప్పుడే తీసేయండి.

ఇక డబ్బాల సంగతి

గాజు సీసా వాసన పీల్చుకోదు, వేడి నీళ్లతో కడగొచ్చు, లోపల ఏముందో, ఎంత ఉందో కనిపిస్తుంది. కనిపించడం చిన్న విషయం కాదు. కంటికి కనిపించేదే చేతికి అందుతుంది. చిక్కంతా మూతతోనే. మూత లోపల ఉండే మెత్తటి రింగు పచ్చడి వాసనను, కాఫీ వాసనను వదిలిపెట్టదు. కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాక కూడా వాసన పోకపోతే ఆ సీసాలో గుండీలో, సూదులో వేసుకోండి, తిండికి వద్దు.

లేబుల్‌ను గోకి గోకి గోళ్లు పాడుచేసుకోకండి. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెడితే కాగితం ఊడుతుంది. మిగిలిన జిగురు మీద వంట సోడా, వంట నూనె సమానంగా కలిపి పూయండి. పావుగంట ఆగి బట్టతో రుద్దితే జిగురు చిన్న చిన్న ఉండల్లా చుట్టుకుని వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో కడిగేస్తే సరి.

కూల్‌డ్రింక్ సీసాల లాంటి పల్చటి ప్లాస్టిక్‌ను నేను తిండికి వాడను. దాన్ని పెట్ అంటారు, అడుగున త్రికోణంలో 1 అని ఉంటుంది. 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ఒంకర పోతుంది, కాబట్టి మరిగే నీళ్లతో కడగడం కుదరదు. నూనె వాసన ఒకసారి పట్టిందా, ఇక పోదు. ఫినాయిల్, బట్టల సబ్బు ద్రావణం లాంటివి ఉన్న డబ్బాలైతే ఎన్నిసార్లు కడిగినా తిండి దగ్గరికి రానివ్వకండి. పూసలు, విత్తనాలు, క్రేయాన్లు వేసుకోవడానికి ప్లాస్టిక్ భేషుగ్గా ఉంటుంది. కింద పడినా పగలదు, పిల్లల గదికి అదే మేలు.

రేకు డబ్బా గాజును ఒక్క విషయంలో గెలుస్తుంది: లోపలికి వెలుతురు రానివ్వదు. పల్లీల్లో నూనె ఎక్కువ కదా, గాలి, వెలుతురు, వేడి తగిలితే పాత నూనె వాసన వస్తుంది. మూత గట్టిగా పట్టే కాఫీ డబ్బా, తుప్పు లేనిది ఉంటే పల్లీలు అందులో పోయండి. ఓపెనర్‌తో కోసిన డబ్బాలు వేరు. వాటికి మూత ఉండదు, అంచు చాకులా ఉంటుంది. అంచును ప్లయర్‌తో లోపలికి నొక్కి, పైన టేపు చుట్టి పెన్నులు వేసుకోండి.

శనగలకు గాజు సీసానే. అయితే మొదట్లో నేను ఒక తప్పు చేశాను. అవి వెచ్చగా ఉండగానే సీసాలో పోసి మూత బిగించాను. కాసేపటికి మూత లోపల నీటి బొట్లు కనిపించాయి, పొద్దున్నకి శనగలన్నీ తోలులా సాగుతున్నాయి. అంత పనీ పోయిందని చాలా బాధేసింది. ఇప్పుడు పూర్తిగా చల్లారాకే పోస్తాను. మెత్తబడినట్టు అనిపిస్తే మళ్లీ పది నిమిషాలు ఓవెన్‌లో పెడతాను.

అలంకరణ ఎంతవరకు?

పాత వస్తువులతో ఏదైనా చేసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: దీనికోసం ఏమైనా కొనాలా? రంగులు, గ్లూ గన్, లేసులు కొనుక్కొచ్చి ఖాళీ సీసాను ముస్తాబు చేస్తే, ఆ డబ్బుకు కొత్త డబ్బానే వచ్చి ఉండేది. పైగా పెయింట్ వేసిన సీసాను నాలుగుసార్లు కడిగితే పెచ్చులు ఊడతాయి. తిండి సీసాకు రంగు వేయకపోవడమే మేలు, మూతి దగ్గర అసలే వద్దు.

దానికి బదులు పాత కాటన్ టీషర్టు తీసుకోండి. చంకల కింది నుంచి అడ్డంగా కత్తిరిస్తే గొట్టంలా వస్తుంది. దాన్ని రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున చుట్టూ తిరుగుతూ, పాములా తెగకుండా కత్తిరిస్తూ పోండి. ఆ పట్టీని చేత్తో గట్టిగా లాగితే అంచులు లోపలికి చుట్టుకుని గుండ్రటి దారమైపోతుంది. సీసా మెడకు రెండు చుట్లు చుట్టి ముడేస్తే అందంగా ఉంటుంది, మాసినప్పుడు విప్పి ఉతుక్కోవచ్చు.

టీషర్టుతో సంచి చేయాలనుకుంటే, కింద కుచ్చులు కత్తిరించి ముడులు వేసే పద్ధతి కంటే రెండు వరుసల కుట్టు మేలు. ముడులు వేసింది పది నిమిషాల్లో అయిపోతుంది కానీ సందుల్లోంచి చిన్న వస్తువులు జారిపోతాయి. నిజంగా డబ్బు మిగిల్చేది మాత్రం ఈ రెండూ కాదు, తుడిచే గుడ్డలు. ఒక టీషర్టుకు ఎనిమిది గుడ్డలు వస్తాయి, వంటింట్లో టిష్యూ పేపర్ కొనడం ఆగిపోతుంది.

గుడ్ల అట్టలు విత్తనాలు మొలకెత్తించడానికి బాగుంటాయి, కానీ వాటిలో తినే వస్తువులు పెట్టకండి, పచ్చి గుడ్ల మీది బ్యాక్టీరియా అట్టకు అంటుకుని ఉండొచ్చు. అచ్చు వేసిన కాగితంలో నూనె వస్తువులు పెట్టడమూ వద్దు, సిరా తిండికి అంటుతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టాలని టెన్షన్ పడకండి. ఈ శనివారం రాత్రి రెండు కప్పుల శనగలు నానబెట్టండి. ఆదివారం అవి బట్ట మీద ఆరి, ఓవెన్‌లో వేగేలోపు జామ్ సీసా లేబుల్ తీసి, కడిగి, బోర్లించి, పాత టీషర్టును గుడ్డలుగా కత్తిరించేయొచ్చు. శనగలు చల్లారేసరికి సీసా లోపల తడి కూడా ఆరిపోయి ఉంటుంది.