మాట తప్పినవారి నుంచి డబ్బు: బాకీగా అడగడం మేలా, నష్టపరిహారంగానా?

"మాకు రావాల్సిన పది లక్షలూ నష్టపరిహారంతో సహా వెంటనే చెల్లించాలి." లాయరు నోటీసుల్లో తరచూ కనిపించే వాక్యం ఇది. ఆ పది లక్షల్లో బాకీ ఎంత, నష్టం ఎంత అన్నది విడదీసి రాయకపోతే అవతలివాళ్లకు సాగదీసే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

ఓ ఇంటీరియర్ కాంట్రాక్టరు పది లక్షలకు పని ఒప్పుకున్నాడనుకోండి. ఆరు లక్షల పని అయ్యింది, యజమాని చూసుకుని బిల్లు మీద సంతకం పెట్టాడు. తర్వాత మిగతా పని వద్దన్నాడు. ఆ ఆరు లక్షలు బాకీ. మిగిలిన నాలుగు లక్షలు బాకీ కాదు, ఎందుకంటే ఆ పని జరగనే లేదు. సామానుకూ కూలీకీ రెండున్నర లక్షలు అయ్యేవంటే, పోయిన లాభం లక్షన్నర. అడగగలిగింది అదే. అదైనా లెక్కలు చూపించి నిరూపించాలి. నష్టం తగ్గించుకునే మార్గం ఉండి కూడా ఊరుకున్నాడా అన్నది కూడా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద కోర్టు చూస్తుంది. దూరపు నష్టాలు, అంటే "ఈ పని పోవడం వల్ల నాకు ఇంకో పెద్ద ఆర్డరు రాలేదు" లాంటివి, సాధారణంగా నిలబడవు.

బాకీకి ఈ తంటా లేదు. ఒప్పందం ఉంది, పని అయ్యింది, డబ్బు రాలేదు. ఇంతే చూపించాలి. రాతపూర్వక ఒప్పందం మీద రావాల్సిన నిర్దిష్టమైన మొత్తానికి, ప్రామిసరీ నోటుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా, అంటే పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చే దావా, వేయొచ్చు. సమన్లు అందాక ప్రతివాది 10 రోజుల్లో హాజరు కావాలి, ఆపైన వాదించుకోవడానికే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఎంతో తేలని నష్టపరిహారానికి ఈ దగ్గరి దారి లేదు. అది కోర్టు తేల్చేదాకా బాకీయే కాదని సుప్రీంకోర్టు 1974లో రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో చెప్పింది. బాకీ వసూలు హక్కును ఇంకొకరి పేర రాసివ్వొచ్చు. నష్టపరిహారం కోసం దావా వేసే ఉత్త హక్కును మాత్రం బదిలీ చేయడానికి ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకోదు.

"అందుకేగా ఆలస్యానికి రోజుకు ఐదు వేలని అగ్రిమెంటులో ముందే రాయించుకున్నాం" అంటారు చాలామంది. ఆ క్లాజు మీద పెట్టుకునే ధీమా చూస్తే నాకు భయమేస్తుంది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇచ్చేది అందులో సమంజసమైన మొత్తం. నష్టమే జరగకపోతే పరిహారం లేదని, నష్టాన్ని లెక్కగట్టగలిగిన చోట నిరూపించాల్సిందేనని 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నష్టాన్ని అంచనా కట్టడం నిజంగా కష్టమైన చోట, నిజాయితీగా వేసిన అంకె బాగా అక్కరకొస్తుంది. బెదిరించడానికి వేసిన అంకె నిలవదు.

దావా వేయాల్సిన గడువు దగ్గర రెండింటికీ సాధారణంగా మూడేళ్లే. బాకీకి బాకీ తీరాల్సిన రోజు నుంచి, నష్టపరిహారానికి ఒప్పందం ఉల్లంఘించిన రోజు నుంచి లెక్క. బాకీకి ఇక్కడా ఓ సౌకర్యం ఉంది. గడువు తీరకముందే అప్పున్నవారు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మూడేళ్లూ మళ్లీ మొదలవుతాయి. కాలదోషం పట్టిన అప్పుకు కూడా, తీరుస్తానని కొత్తగా రాసి సంతకం చేసిస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాట చెల్లుతుంది.

నన్నడిగితే, వీలున్న ప్రతి రూపాయినీ బాకీగానే అడగాలి. అలా కుదరని దానికే నష్టపరిహారం. దావాలో రెండూ కలిపి అడగొచ్చు, కాకపోతే వేర్వేరు లెక్కలుగా చూపించాలి. నష్టం కూడా కలిపితే ఆర్డర్ 37 దారి మూసుకుపోతుంది కాబట్టి, బాకీ పెద్దదై నష్టం చిన్నదైతే ఆ చిన్నదాన్ని వదులుకోవడమే లాభం.

ఇంకా అగ్రిమెంటు రాసుకునే దశలోనే ఉంటే పని మొత్తానికి ఒకే చెల్లింపు పెట్టుకోవద్దు. దశలుగా విడగొట్టి, ఒక్కో దశ ముగిశాక బిల్లు మీద "పని సరిగా అందింది" అని తేదీతో సంతకం తీసుకోవాలి. పని మధ్యలో ఆగినా, అప్పటిదాకా సంతకమైన బిల్లులన్నీ బాకీ కిందే ఉంటాయి.