రిటైనరా, ప్రాజెక్టు బిల్లా: చేతిలో డబ్బు ఆడాలంటే ఏది మేలు?

ఒక్కరే కన్సల్టింగ్ చేసుకునేవాళ్లకి పని పెరిగేకొద్దీ చేతిలో డబ్బుకి కటకట మొదలవుతుంది. వింతేం లేదు, లెక్క చూడండి. 2 లక్షల పనికి 18 శాతం జీఎస్టీ కలిపి 2,36,000కి బిల్లు వేశారు. క్లయింట్ మీ ఆదాయపు పన్ను కింద ముందే కోసే టీడీఎస్ 10 శాతం, అంటే 20,000 పట్టుకుని 2,16,000 పంపుతాడు, అదీ రెండు మూడు నెలలకి. మామూలుగా నెలనెలా రిటర్ను వేసేవాళ్లయితే ఈలోగానే, వచ్చే నెల 20కల్లా, ఆ 36,000 మీ జేబులోంచి కట్టేయాలి. డబ్బు ఇంకా రాలేదు కదా అంటే జీఎస్టీ వినదు, బిల్లు వేశామా లేదా అనే చూస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటనివాళ్లకి ఈ గొడవ లేదు, ఎదుగుతున్నవాళ్లకే.

ఇప్పుడు అసలు సంగతి. నెలవారీ రిటైనర్, అంటే నెలకింత అని ఫీజు మాట్లాడుకుని పనిచేయడం, అనగానే జీతంలా వస్తుందని సంబరపడతాం. నెల మొదట్లోనే డబ్బు పడితే నిజంగానే అంతకన్నా హాయి లేదు, ఇంటి అద్దె, ఈఎంఐలు టెన్షన్ లేకుండా వెళ్లిపోతాయి. కానీ పెద్ద కంపెనీలు నెల అయ్యాక బిల్లు పెట్టమంటాయి, ఆపైన 45 రోజుల గడువు అంటాయి. అంటే జూన్‌లో చేసిన పనికి డబ్బు ఆగస్టు మధ్యలో వస్తుంది, మధ్యలో జీఎస్టీ మీరు కడుతూనే ఉంటారు, పైగా పని మాత్రం నెలనెలా "ఇది కూడా కాస్త చూడండి" అంటూ పెరుగుతుంది.

ప్రాజెక్టు పద్ధతిలో రాబడి ఎగుడుదిగుడే, రెండు ప్రాజెక్టుల మధ్య ఖాళీ నెలలు భయపెడతాయి. అయినా 40-50 శాతం అడ్వాన్స్ రాబట్టగలిగితే సగం కష్టాలు అక్కడే తీరతాయి. అడ్వాన్స్ మీదా జీఎస్టీ ఉంటుంది, కాకపోతే అప్పుడు కట్టేది క్లయింట్ ఇచ్చిన డబ్బే. ముందు ప్రొఫార్మా (అసలు బిల్లుకి ముందు పంపే అంచనా బిల్లు) పంపి, డబ్బు పడ్డాక పన్ను బిల్లు ఇస్తే సరి. చివరి వాటాని 20 శాతం మించనివ్వకండి, ఇబ్బంది పెట్టేది ఎప్పుడూ అదే.

నా మాట: నెలాఖరు రిటైనర్ కన్నా అడ్వాన్స్ ఉన్న ప్రాజెక్టే మేలు. ముందుగా డబ్బిచ్చే రిటైనర్ దొరికితే రేటు కాస్త తగ్గించైనా పట్టుకోండి, కనీసం ఇంటి ఖర్చంత. ఎవరినైనా జీతానికి పెట్టుకోవాలనుకుంటే, అలాంటి రిటైనర్ ఒకటి చేతికొచ్చేదాకా ఆగడం మంచిది.

ఏది ఎంచుకున్నా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి, ఉచితమే. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో మీకు చెల్లించాలని చట్టం. ఆ గడువు దాటితే కంపెనీ ఆ ఖర్చుని, డబ్బు నిజంగా ఇచ్చిన ఏడాదిలోనే పన్ను లెక్కలో చూపుకోవాలి. మార్చి నెలలో ఈ ముక్క వాళ్ల అకౌంట్స్ వాళ్లకి మర్యాదగా గుర్తుచేసి చూడండి.