రెండు పాయల లాన్యార్డ్‌తో ఫుల్ బాడీ హార్నెస్: కింద ఎంత ఖాళీ ఉందో చూసుకుని కొనండి

ఈ సెట్‌లో ఎత్తులో పనిచేసేవాళ్లు ఒంటికి కట్టుకునే పట్టీల హార్నెస్ (ఐరోపా ప్రమాణం ఈఎన్ 361), దాన్ని గట్టి ఆధారానికి కలిపే రెండు పాయల లాన్యార్డ్, వీపు వైపు, పడినప్పుడు దెబ్బ తగ్గించే షాక్ అబ్సార్బర్ ఉంటాయి. పట్టీలు, బకిళ్లు చాలా కంపెనీలవి ఇంచుమించు ఒకటే. అసలు చూడాల్సింది అబ్సార్బర్‌ని.

పనిముట్లతో కలిపి 100 కిలోలున్న మనిషి 2 మీటర్లు పడటానికి 0.64 సెకను చాలు. అప్పటికే వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటేస్తుంది. సాగని తాడు అతన్ని 10 సెంటీమీటర్లలో ఆపేస్తే ఒంటి మీద సగటున 20 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నుల బరువు పడుతుంది. తాడు తెగకపోవచ్చు, వెన్ను తట్టుకోదు. అదే మనిషిని 1 మీటరు దూరంలో ఆపితే సగటు బలం 3 కిలోన్యూటన్ల లోపే. అబ్సార్బర్‌లో మడతపెట్టి కుట్టిన పట్టీ, కుట్లు వరసగా తెగుతూ విప్పుకోవడంతో ఆ దూరం దొరుకుతుంది. అబ్సార్బర్ల ఐరోపా ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం బలం 6 కిలోన్యూటన్లు మించకూడదు, పట్టీ 1.75 మీటర్లకు మించి సాగకూడదు. ఈ సెట్ లేబుల్ మీద రెండూ స్పష్టంగా ఉన్నాయి.

ఆ సాగుడుకీ చోటు కావాలి కదా! హుక్ తగిలించిన చోటి నుంచి కిందికి లెక్కేయండి: లాన్యార్డ్ 2 మీటర్లు, సాగుడు 1.75, లాన్యార్డ్ తగిలించే వీపు రింగు నుంచి పాదాల దాకా 1.5, పైన జాగ్రత్తకి 1. మొత్తం 6.25 మీటర్లు. నేల నుంచి 4 మీటర్ల ఎత్తున్న సారవ మీద కాలి దగ్గర హుక్ వేస్తే అబ్సార్బర్ పూర్తిగా విప్పుకునేలోపే మనిషి నేలకు తగులుతాడు. ఇంత ముఖ్యమైన లెక్కని తయారీదారు మాన్యువల్‌లో చివర చిన్న బొమ్మగా వేసి వదిలేశారు. ఇది పెద్ద లోపమే.

మెచ్చుకోవాల్సింది ఛాతీ పట్టీ మీది హుక్ నిలుపు. వాడని రెండో పాయను అక్కడ తగిలిస్తే, లాగినప్పుడు అదే ఊడొస్తుంది. చాలామంది దాన్ని నడుం పక్కనున్న స్టీలు రింగుకు తగిలిస్తారు. అలా చేస్తే పడినప్పుడు ఆ పాయే బిగుసుకుని అబ్సార్బర్‌ను విప్పుకోనివ్వదు, దెబ్బంతా నేరుగా ఒంటికే.

తొడ పట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. వీపు రింగు రెండు భుజపు ఎముకల మధ్యనే ఉండాలి. కిందికి జారితే మనిషి ముందుకి ఒరిగి వేలాడతాడు. ఇందులో రింగు జారకుండా పట్టే ప్లాస్టిక్ పలక కాస్త వదులుగా ఉంది, రోజూ సరిచూసుకోవాలి. లాన్యార్డ్‌ను పొట్టి చేయడానికి ముడి వేయకండి, ముడి దగ్గర బలం బాగా తగ్గుతుంది. పదునైన ఇనుప అంచు మీదుగా ఈ పట్టీ పోనివ్వకూడదు.

కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. కాలు పెట్టుకుని నిలబడటానికి ఉచ్చు పట్టీలు ఈ సెట్‌లో లేవు, విడిగా కొనాలి. పైనున్న మనిషిని దించే ఏర్పాటు పని మొదలెట్టకముందే సిద్ధంగా ఉంచాలి.

ఒకసారి పడితే లాన్యార్డ్, హార్నెస్ రెండూ పక్కన పడేయాల్సిందే. అబ్సార్బర్ సంచీ చిరిగినా, ఎండకు పట్టీ రంగు వెలిసి గట్టిపడినా అంతే. 6.25 మీటర్ల ఖాళీ లేని చోట పనిచేసేవాళ్లు ఈ లాన్యార్డ్ జోలికి పోకుండా, తలపైన యాంకర్ (హుక్ తగిలించే గట్టి ఆధారం) దొరికితే తనంతట తాను చుట్టుకునే రకం తీసుకోవాలి.