వాటర్ కూలరా, టవర్ కూలరా? మన ఎండకి, మన ఊరికి ఏది మేలు

మార్చి దాటిందంటే చాలు, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఒకటే ప్రశ్న: కొత్త సిస్టమ్ కట్టిస్తున్నాం, ప్రాసెసర్‌కి వాటర్ కూలింగ్ వేయించాలా, టవర్ కూలర్ (రెక్కల దిమ్మెకి ఫ్యాన్ తగిలించినది) సరిపోతుందా? అడిగేవాళ్ళలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్ళు ఎక్కువ, తరవాత గేమింగ్ కుర్రాళ్ళు. వాటర్ కూలింగ్ అంటే ఇక్కడ, ఫ్యాక్టరీలోనే నీళ్ళు నింపి మూసేసి వచ్చే ఏఐఓ (ఆల్-ఇన్-వన్) అనే లెక్క. విడివిడిగా పైపులు బిగించుకునే కస్టమ్ లూప్‌కి చివర్లో నాలుగు మాటలు చాలు.

ముందు ఒక అపోహ తీసేయాలి. నీళ్ళు చల్లగా ఉంటాయి కనుక ప్రాసెసర్ చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. ఏఐఓలో నీళ్ళు చేసేది మోత పని. ప్రాసెసర్ మీది రాగి పలక దగ్గర వేడిని ఎత్తుకుని, రేడియేటర్ (ఫ్యాన్లు బిగించిన సన్నటి రెక్కల చట్రం) దాకా మోసుకెళ్ళి, అక్కడ గాలికి అప్పజెబుతాయి. టవర్ కూలర్‌లో అదే మోత హీట్‌పైపులు (మూసేసిన రాగి గొట్టాలు) మోస్తాయి. ఎటు తిరిగినా వేడి చేరేది గది గాలిలోకే. కాబట్టి ఈ రెండింటిలో ఏదీ ప్రాసెసర్‌ని గది కన్నా చల్లగా ఉంచలేదు. రివ్యూలు మామూలుగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేస్తారు. 25 డిగ్రీల గదిలో, 150 వాట్ల దగ్గర, ఒక కూలర్ 70 చూపించిందంటే గది మీద 45 ఎక్కువన్నమాట. మే నెలలో రాజాంలోనో చీపురుపల్లిలోనో మేడమీద గది 36 ఉంటే అదే కూలర్ 81 చూపిస్తుంది. కూలర్ పాడైందని దుకాణానికి పరిగెత్తక్కర్లేదు. వాళ్ళ గదికీ మీ గదికీ ఉన్న తేడాని రివ్యూ అంకెకి కలుపుకోండి, దాదాపుగా మీకు వచ్చేది అదే.

తీరం పక్కన ఉండేవాళ్ళకి ఇంకో భయం: ఉక్కపోతకి పైపులకి చెమ్మ పట్టి బోర్డు మీద కారుతుందేమోనని. కారదు. చల్లటి నీళ్ళ చెంబుకి బయట చెమ్మ పడుతుందంటే ఆ చెంబు చుట్టూ ఉన్న గాలి కన్నా బాగా చల్లగా ఉందని. సిస్టమ్ నడుస్తుండగా ఏఐఓలో నీళ్ళు గది వేడికి పైనే ఉంటాయి. కళింగపట్నంలో సముద్రం ఎదుట పెట్టి వాడినా చెమ్మ గొడవ లేదు. కరెంటు పోతే పంపు ఆగి ప్రాసెసర్ మాడిపోతుందన్న భయం కూడా ఇలాంటిదే. పంపు ఆగిన క్షణానే ప్రాసెసర్ కూడా ఆగిపోతుంది. యూపీఎస్ మీద పంపు వేసే భారం కొద్ది వాట్లే.

చెడిపోయిన రోజు సంగతి

మన దగ్గర ఈ ఎంపికని తేల్చేది కొన్న రోజున తగ్గిన డిగ్రీలు కాదని నా గట్టి అభిప్రాయం. చెడిపోయిన రోజున చేతిలో ఏముంటుందన్నది చూడాలి.

టవర్ కూలర్‌లో తిరిగి అరిగే వస్తువు ఒక్కటే, ఫ్యాన్. 120 మి.మీ. ఫ్యాన్ పట్టణంలో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. క్లిప్పు ఊడదీసి, పాతది తీసి, కొత్తది తగిలించడానికి పది నిమిషాలు చాలు. ఆదివారం షాపులు మూసి ఉంటే కేబినెట్‌కి ఉన్న ఫ్యానొకటి విప్పి దాంతో ఆ పూట గడిపేయొచ్చు. రెండు ఫ్యాన్ల టవర్‌లో ఒకటి ఆగినా రెండోది లాక్కొస్తుంది. హీట్‌పైపులకి తిరిగే భాగాలే లేవు. ప్రాసెసర్ మారినా బోర్డు మారినా బ్రాకెట్ దొరికితే అదే టవర్ మళ్ళీ బిగించుకోవచ్చు.

ఏఐఓకి ఫ్యాన్లతో పాటు పంపు ఉంది, నీళ్ళున్నాయి. పైపుల గోడల గుండా నీళ్ళు ఏళ్ళ మీద కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి, ఖాళీ అయిన చోటికి గాలి చేరుతుంది. రాగి పలక లోపలి సన్నటి గాడుల్లో మడ్డి పేరుకుంటుంది. వారంటీ మోడల్‌ని బట్టి 2 ఏళ్ళ నుంచి 6 ఏళ్ళ దాకా ఉంటుంది. కానీ వారంటీ ఉన్నంతమాత్రాన ఆ రోజు పని నడవదు. పంపు పోతే పంపు ఒక్కటే మార్చుకునే వీలు మామూలుగా ఉండదు, మొత్తం విప్పి పంపాలి. విజయనగరం నుంచి విశాఖ 60 కి.మీ. దాకా, శ్రీకాకుళం నుంచి 100 పైచిలుకు. కొరియర్‌లో వెళ్ళి, పరీక్ష అయ్యి, మారుది వచ్చేసరికి వారాలు పట్టొచ్చు. ఎండ ముదిరేదీ, ముహూర్తాలు వరసగా ఉండేదీ, రెండర్లు (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచేసే పని) రాత్రింబవళ్ళు నడిచేదీ అదే వైశాఖ, జ్యేష్ఠాల్లో. ఆల్బమ్ ఎప్పుడిస్తారని పెళ్ళివారు ఫోన్లు చేస్తుంటే కూలర్ లేని సిస్టమ్ ముందు కూర్చోవడం ఎవరికీ రాకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్ళాక ఉద్దానం ఎన్నాళ్ళు కరెంటు లేక అల్లాడిందో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి చోట దూరం నుంచి రావలసిన భాగాలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

ఏఐఓనే కొనదలిస్తే, పక్కన ఇంకో కూలర్ అటక మీద ఉండాలి. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600కీ, ఇంటెల్‌లో పేరు చివర 'కె' లేని చాలా రకాలకీ పెట్టెలోనే కూలర్ వస్తుంది, పారేయకండి. 'కె' రకాలకి రాదు, కాబట్టి ఒక చవక టవర్ ధర కూడా ఏఐఓ ఖర్చులో కలిపి లెక్కేయండి. అప్పుడు ధరల పోలిక నిజంగా ఎలా ఉంటుందో కనిపిస్తుంది.

ఎన్ని వాట్లకి ఏది

ఇంటెల్ ఐ5-12400 గట్టిగా నొక్కితే 117 వాట్లు. రైజెన్ 5 7600 అయితే 88. వీటికి ఒంటి టవర్ (ఒకటే దిమ్మె ఉన్నది) ధారాళంగా సరిపోతుంది, ఏఐఓ మాటే అనవసరం. రైజెన్ 7 7800ఎక్స్3డి, 7700ఎక్స్, ఐ5-14600కె లాంటివాటి పవర్ పరిమితి సుమారు 140 నుంచి 180 వాట్ల దాకా ఉంటుంది. వీటికి రెండు దిమ్మెల టవర్ వేయండి. థెర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ, డీప్‌కూల్ ఏకే620 లాంటివి ఈ పనికి సరిగ్గా కుదురుతాయి, మంచి 240 ఏఐఓ (240 మి.మీ. రేడియేటర్ ఉన్నది) ధరలో సగం దగ్గర్లో వస్తాయి.

ఐ7-14700కె 253 వాట్ల దాకా, రైజెన్ 9 7950ఎక్స్ 230 దాకా లాగుతాయి. ఏసీ లేని గదిలో గంటల తరబడి ఆ స్థాయిలో నడపాలంటే 360 ఏఐఓదే పైచేయి, అందులో వాదన లేదు. అయితే అంతకన్నా ముందు, ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఇంటెల్ పవర్ లిమిట్‌ని 253 నుంచి 180కి దించండి, రైజెన్ అయితే ఎకో మోడ్‌లో 105 వాట్లు పెట్టండి (అసలు వాడకం 142కి ఆగుతుంది). రెండర్ కొంచెం ఆలస్యమవుతుంది, వేడి మాత్రం బాగా దిగుతుంది, అప్పుడు పెద్ద టవరే సరిపోతుంది. చాలా స్టూడియోలకి ఈ దారి చాలు.

గేమింగ్ వాళ్ళకి ఒక మాట. ఆటలో ప్రాసెసర్ సాధారణంగా తన గరిష్ఠ వాట్లు లాగదు. ఆర్‌టీఎక్స్ 4070 లాంటి గ్రాఫిక్స్ కార్డు 200 వాట్ల వేడి కేబినెట్‌లోకే వదులుతుంది. ముందు జాలీ లేకుండా అద్దం బిగించిన కేబినెట్ కొని, దానికి ఏఐఓ పెట్టి ఊపిరాడేలా చేద్దామంటే కుదరదు. ఆ డబ్బు జాలీ ముఖం ఉన్న కేబినెట్ మీద పెట్టండి.

కొనేముందు టేపు పెట్టి కొలవండి. టవర్లు 155 నుంచి 165 మి.మీ. ఎత్తుంటాయి, కేబినెట్ అద్దం మూయాలి కదా. ఏఐఓ పైన బిగించాలంటే మామూలు రేడియేటర్ 27, ఫ్యాన్ 25, మొత్తం 52 మి.మీ. చోటు కావాలి. 38 మి.మీ. మందం రేడియేటర్ అయితే 63. ఎత్తైన ర్యామ్ ఉంటే అక్కడే తగులుతుంది.

వేడెక్కితే ఎక్కడ వెతకాలి

వేడి ఎంత ఎక్కిందన్నదానికన్నా ఎంత వేగంగా ఎక్కిందన్నది ఎక్కువ చెబుతుంది. పవర్ లిమిట్ దించాక కూడా, సినీబెంచ్ (ప్రాసెసర్‌ని గట్టిగా నడిపే పరీక్ష) మొదలెట్టిన రెండు మూడు సెకన్లలోనే 95, 100కి దూకితే వేడి నీళ్ళలోకి చేరడమే లేదు. మొదట్లో బాగుండి, పదిహేను ఇరవై నిమిషాల్లో మెల్లగా పైకి పాకితే నీళ్ళు వేడిని తీసుకుంటున్నాయి, రేడియేటర్ వదల్లేకపోతోంది. నీళ్ళు నిదానంగా కాగుతాయి కనుక ఏఐఓని అయిదు నిమిషాలు పరీక్షించి బాగుందనుకోవడం పొరపాటు. అరగంట నడపాలి, గది వేడి కూడా రాసుకోవాలి.

మొదటి రకమైతే, బయాస్‌లో పంపు ఆర్‌పీఎం చూడండి. సున్నా ఉంటే వైరు ఊడిందా, పంపుకి సాటా పవర్ వైరు పెట్టారా చూడాలి. అంకె తక్కువగా ఉంటే పంపుని సీపీయూ ఫ్యాన్ పిన్నుకి తగిలించి, నెమ్మది ఫ్యాన్ కర్వ్ (వేడిని బట్టి వేగం మార్చే సెట్టింగు) వదిలేసి ఉంటారు. ఇది తరచుగా జరిగే తప్పు. పంపు 100 శాతంలోనే తిరగాలి, నెమ్మదించాల్సింది ఫ్యాన్లు. పంపు తిరుగుతూనే ఉన్నా రేడియేటర్ చల్లగా, ప్రాసెసర్ నిప్పులా ఉంటే మూడింట్లో ఒకటి: రాగి పలక మీది ప్లాస్టిక్ పొర తీయలేదు, స్టాండాఫ్‌లు (కూలర్‌ని బోర్డుకి బిగించే చిన్న స్తంభాలు) తప్పు, లేదా లోపల మడ్డి పట్టి నీళ్ళు పారడం లేదు. స్టాండాఫ్‌ల దగ్గర జాగ్రత్త. ఇంటెల్ పాత సాకెట్ ఎల్‌జీఏ1200కి రంధ్రాల దూరం 75 మి.మీ., తరవాత వచ్చిన ఎల్‌జీఏ1700కి 78. పాత కూలర్‌ని కొత్త బోర్డుకి ఎలాగో బిగించేస్తే పలక సరిగ్గా ఆనదు. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4కి వచ్చే కూలర్లు చాలావరకు తరవాతి ఏఎం5కి సరిపోతాయి. స్క్రూలు ఒక్కో మూల పూర్తిగా బిగించేయకూడదు. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ తలో అర చుట్టు తిప్పాలి.

రెండో రకమైతే దుమ్ము. పైకి చూస్తే ఫ్యాన్లు శుభ్రంగానే ఉంటాయి, ఫ్యాన్‌కీ రేడియేటర్ రెక్కలకీ మధ్యన దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. పొందూరులో మగ్గాల ఇళ్ళల్లో దూది నూగు, రైస్ మిల్లుల పక్కన ఊక, టెక్కలి వైపు రాతి పొడి, దేని తీరు దానిది. ఫ్యాన్లు విప్పి, బ్లోవర్‌తో గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి. మళ్ళీ బిగించేటప్పుడు పొడవు స్క్రూలు ఫ్యాన్ల వైపు, పొట్టివి కేబినెట్ వైపు. తారుమారైతే పొడవు స్క్రూ రేడియేటర్ గొట్టాన్ని పొడిచేస్తుంది, ఇక అది చెత్తబుట్టకే. టవర్‌కైతే ఫ్యాన్ తీసి ఊదితే అయిపోయింది.

పంపులో గడగడమని చప్పుడొస్తే గాలి చేరింది. నీళ్ళ దారిలో అన్నిటికన్నా ఎత్తున పంపు ఉండకూడదు. రేడియేటర్ పైకప్పుకి బిగిస్తే ఈ సమస్య రాదు. ముందువైపు బిగిస్తే దాని పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలి, పైపులు కిందవైపుకి వస్తే మరీ మంచిది. నేల మీద, పంపుకి కింద పెట్టకండి. గాలి మరీ ఎక్కువైతే బ్యాటరీ నీళ్ళు పోసి నింపుతామనే వాళ్ళుంటారు, వద్దు. లోపలిది తుప్పు పట్టనివ్వని మందులు కలిపిన ద్రవం. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీళ్ళలో ఉన్నచోట ఆ మందు పలచబడితే తినేయడం మొదలవుతుంది. వారంటీ కూడా పోతుంది.

పైపు మొదట్లో జిగురు మరకో, పచ్చటి పొక్కో కనిపిస్తే గోడ దగ్గర స్విచ్ ఆపి వైరు పీకేయండి. ఆ కింద ఉండేది గ్రాఫిక్స్ కార్డు, ముందు దాన్ని బయటికి తీయాలి. సముద్రపు గాలికి రెక్కల మీద తెల్లటి పొడి రావడం వేరు, అది ఉప్పు తాకిడి. టవర్‌కీ వస్తుంది. కిటికీకి ఎదురుగా కేబినెట్ పెట్టకుంటే తగ్గుతుంది.

120 ఏఐఓ కొనకండి. మంచి ఒంటి టవర్ కన్నా మెరుగేమీ ఉండదు, పైగా పంపు బాధ అదనం. కస్టమ్ లూప్ అందంగా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డునీ చల్లబరుస్తుంది. కానీ రాగి, ఇత్తడి రేడియేటర్లే వాడాలి, బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి 24 గంటలు కారుతుందేమో చూడాలి, ఏడాదికోసారి నీళ్ళు మార్చాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళు ఎవరినీ అడగరు.

టవర్ అయినా ఏఐఓ అయినా, బిగించాక మిగిలిన బ్రాకెట్లు, స్టాండాఫ్‌లు, బోర్డు వెనక పలక ఒక కవర్లో వేసి కేబినెట్ లోపలే టేపుతో అంటించండి. అటక మీది కూలర్‌ని రాత్రికి రాత్రి బిగించాల్సి వస్తే కావాల్సింది ఆ కవరూ, కొంచెం థర్మల్ పేస్టూను.